శెనక్కాయ పొట్టుతో నీళ్ళలోంచి లోహాలు లాగడం: ముందు మైలుతుత్తంతో చేసి చూడండి

అనంతపురంలో ఇంకేదానికి కరువున్నా శెనక్కాయ పొట్టుకు, అంటే వేరుశెనగ కాయల పై డొల్లకు, మాత్రం లేదు. మిల్లు వెనక గుట్టలు పడి ఉంటుంది, ఎవరో ఒకరు పొయ్యిలోకో ఇటుక బట్టీకో తోలుకుపోతారు. ఆ పొట్టు నీళ్ళలోని సీసం, రాగి, కాడ్మియం పట్టుకుంటుందంటే మొదట నేనూ నవ్వాను. ఇది వడకట్టడం కాదు, అతుక్కోవడం. పొట్టులోని పీచు మీద ఋణావేశం తేలే చోట్లు ఉంటాయి, ధనావేశం ఉన్న లోహపు అయాన్లు వచ్చి అక్కడ కూర్చుంటాయి, అంతే.

సీసం కంటికి కనపడదు కాబట్టి రాగితో మొదలుపెట్టండి. ఎరువుల అంగట్లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) దొరుకుతుంది, అది రాగి ఉప్పు, నీళ్ళలో వేస్తే నీలంగా కరుగుతుంది. అది విషం, పిల్లలకు అందనీకండి, చేతులకు గ్లవుజులు వేసుకోండి, వంటింటి గిన్నెలు ముట్టొద్దు, గాజు సీసా గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ వాడండి.

పొట్టును బాగా ఎండబెట్టి, రవ్వలా పట్టించి, జల్లించండి. ఇప్పుడు కడగాలి, నాకు మొదటిసారి చెడిపోయింది ఇక్కడే. రెండుసార్లు కడిగి వదిలేశాను, నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరిగాయి, నీలం పోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? రాత్రంతా నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి, గోధుమ రంగు దిగడం ఆగేదాకా కడిగి మళ్ళీ ఎండబెట్టండి.

లీటరు క్యాన్ నీళ్ళలో 1 గ్రాము మైలుతుత్తం కరిగిస్తే అందులో రాగి సుమారు 250 మిల్లీగ్రాములు. బోరు నీళ్ళు వాడొద్దు, మన బోర్లలో బైకార్బనేట్ ఎక్కువ కాబట్టి రాగి దానంతట అదే తెట్టెలా విరిగి అడుక్కు దిగుతుంది, ఆ ఘనత మీరు పొట్టుకు కట్టబెడతారు. ఆ నీలం నీళ్ళు కొంచెం విడిగా తీసి పెట్టుకుని, మిగతావాటిలో 30 గ్రాముల పొట్టు వేసి, అప్పుడప్పుడు కలుపుతూ రెండు గంటలు ఉంచి, గుడ్డలో వడగట్టండి. ముందు విడిగా తీసినవి ఒక గ్లాసులో, వడగట్టినవి ఇంకో గ్లాసులో పోసి, రెండు గ్లాసులూ తెల్లకాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు ఒక్కోదాంట్లో వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది, రాగి ఎక్కువున్న గ్లాసులో మేకు తొందరగా ఎర్రబడుతుంది. ఒక విడతలో మొత్తం పోదు, కొత్త పొట్టుతో రెండోసారి చేయండి.

పులుపు ఉంటే బాగా పట్టుకుంటుందని ఎవరైనా నిమ్మకాయ పిండమంటే పిండకండి. మరీ పుల్లటి నీళ్ళలో పొట్టు అసలు పట్టదు, పైగా నిమ్మ పులుపు తానే లోహాన్ని పట్టుకుని నీళ్ళలోనే ఉంచేస్తుంది.

ఇక ఇంటి బోరు సంగతి. నీళ్ళ ఉప్పదనం చూసే పెన్ను లోహాలు చెప్పదు, ల్యాబుకు ఇవ్వాల్సిందే. సీసానికి మన దేశంలో తాగునీటి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, రంగు చూసి తేల్చే లెక్క కాదది. గట్టి నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కూడా అవే చోట్ల కోసం పోటీ పడతాయి. మన జిల్లా పెద్ద బెడద ఫ్లోరైడ్, అది లోహమే కాదు, ఋణావేశం ఉన్నది, ఉత్త పొట్టు దాన్ని పట్టదు. కడప వైపు వాళ్ళు యురేనియం గురించి అడుగుతుంటారు, బైకార్బనేట్ ఉన్న నీళ్ళలో అది కూడా ఎక్కువగా ఋణావేశపు రూపంలోనే తిరుగుతుంది. ఈ రెండింటికీ ఆర్‌వో నయం. కాచితే మాత్రం ఏదీ పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినవి చిక్కబడతాయి.

మునగ గింజల పొడి, చిల్లగింజ బురద నీళ్ళను తేర్చడానికి మంచివే, ఆ పని వేరు. మునగ వేసిన నీళ్ళు నిలవుంచితే వాసనొస్తాయి కూడా.

పొట్టు దాటిన నీళ్ళు నేనైతే ల్యాబు కాగితం చేతికొచ్చేదాకా తాగను, మిమ్మల్నీ తాగమనను. వాడేసిన పొట్టు దిబ్బలో వేయకండి, పొయ్యిలో అసలే వద్దు, బూడిదలో లోహం అట్లాగే ఉంటుంది. మా ఇంట్లో తెలియక గోడ పక్కన ఆరబోస్తే పక్కింటి మేక వచ్చి మూతి పెట్టింది, అప్పటి నుంచి మూత బిగుతుగా ఉన్న పాత పెయింట్ డబ్బాలో వేసి, మీద 'విషం' అని రాసి, మిద్దె మీద పెడుతున్నాను.