ఫోటోలో ఉన్నది ఏకే-47 యేనా? చైనా టైప్ 56ని గుర్తుపట్టడం ఎలా

ఎక్కడ యుద్ధం ఫోటో వచ్చినా కింద ఏకే-47 అని రాసేస్తారు, టీవీల్లోనూ అదే మాట, వాట్సాప్‌కి వచ్చేసరికి ఇంకో అడుగు ముందుకేసి "చైనా తుపాకీ, చైనానే పంపింది" అని తేల్చేస్తారు. నాకు ఇది నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ తుపాకీ ఎక్కడ పుట్టిందో దాని ఒంటి మీదే ఉంటుంది, ఎవరు పంపారో మాత్రం ఉండదు, ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు ఎలా వెతకాలో చెప్తాను, రెండోదాని దగ్గర ఎందుకు ఆగాలో కూడా చెప్తాను.

ముందు పేరు సంగతి. మనం ఏకే-56 అంటాం కానీ చైనాలో ఆ పేరు లేదు. సోవియట్ యూనియన్ తన ఏకే-47 డిజైన్ ఇచ్చి సాంకేతిక సాయం చేస్తే 1956లో చైనా దీన్ని తయారుచేయడం మొదలుపెట్టింది, అందుకే టైప్ 56. చిక్కేంటంటే అదే ఏడాది పేరుతో వాళ్లకి ఇంకో రెండు ఆయుధాలున్నాయి, సోవియట్ ఎస్‌కేఎస్ కార్బైన్ నకలు ఒకటి, ఆర్‌పీడీ మెషిన్ గన్ నకలు ఇంకోటి, మూడింటికీ తూటా ఒకటే, 7.62×39 ఎంఎం. కాబట్టి ఎక్కడైనా "టైప్ 56 దొరికింది" అని చదివితే మూడింట్లో ఏది అని చూసుకోవాలి.

ఇప్పుడు ఫోటో జూమ్ చేయండి. మీ కన్ను ముందు వెళ్లాల్సింది గొట్టం చివర గురి చూసే పుల్ల దగ్గరికి, అంటే ఫ్రంట్ సైట్. రష్యా ఏకేల్లో ఆ పుల్లకి రెండు పక్కలా చెవుల్లాగా రెండు రేకులు లేచి ఉంటాయి, పైన ఖాళీ. చైనాదాంట్లో ఆ రెండు చెవులూ పైన కలిసిపోయి గుండ్రంగా ఉంగరంలా మూసుకుపోతాయి. ఫోటో మసగ్గా ఉన్నా, మనిషి పక్కకి తిరిగి ఉన్నా చాలాసార్లు ఈ ఒక్కటి దొరుకుతుంది, నేనైతే దీనితోనే మొదలుపెడతాను. కానీ దీని ఒక్కదాని మీదే తీర్పు చెప్పకండి, అల్బేనియా చైనాతో దోస్తీ ఉన్న రోజుల్లో నేర్చుకుని చేసిన నకలుకీ ఇలాంటి ఉంగరమే ఉంటుంది.

తర్వాత గొట్టం కింద చూడండి. చాలా టైప్ 56లకి బయొనెట్ (గొట్టం చివర ఉండే, పొడవడానికి వాడే మొన) విడిగా తగిలించేది కాదు, సన్నగా మేకులా ఉండి గొట్టం కిందికి మడిచి పెట్టి ఉంటుంది. తర్వాత పైకప్పు, అంటే తుపాకీ బాడీ మీద ఉండే మూత. సోవియట్ వాళ్లు తర్వాత తెచ్చిన ఏకేఎం కప్పు మీద అడ్డగీతల్లా మడతలుంటాయి, గొట్టం మూతి ఏటవాలుగా కోసినట్టుంటుంది. 1960 నాటికి రెండు దేశాలకీ చెడింది కాబట్టి ఆ కొత్త డిజైన్ చైనాకి అందలేదు, 60ల మధ్యలో చైనా తనంతట తానే రేకు బాడీకి మారింది కానీ పైకప్పు నున్నగా పాత పద్ధతిలోనే ఉండిపోయింది. బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, కిందికి మడిచే ఇనుప చట్రమైతే 56-1, పక్కకి మడిచేదైతే 56-2.

దగ్గర నుంచి తీసిన ఫోటో దొరికితే ఇంకేం కావాలి! ఎడమ పక్క మ్యాగజైన్ పైభాగం దగ్గర ఒక చిన్న త్రిభుజం, లోపల 66 అని ఉంటే అది ఫ్యాక్టరీ గుర్తు, దాని పక్కన 56, ఒక చైనా అక్షరం, ఆ తర్వాత సీరియల్ నంబర్. కుడి పక్క ఉన్న మీట దగ్గర పాతవాటికి చైనా అక్షరాలుంటాయి, బయటికి అమ్మినవాటికి చాలావరకు ఎల్, డి అని ఇంగ్లిష్ అక్షరాలు, వరసగా పేల్చడానికి లియన్, ఒక్కొక్కటిగా పేల్చడానికి దాన్ అన్న చైనా మాటల మొదటి అక్షరాలవి. అల్బేనియాదైతే అక్కడ ఏ, 1 అని ఉంటుంది, పైన చెప్పిన అనుమానం ఇక్కడ తీరుతుంది. పాకిస్తాన్‌లో దర్రా ఆదం ఖేల్ అనే ఊళ్లో తుపాకుల నకళ్లు చేసే కమ్మరులు మాత్రం దొంగ ముద్రలు కూడా కొడతారు, ముద్ర వంకరగా, లోతు తక్కువెక్కువగా ఉంటే అనుమానించండి.

సరే చైనాదే అని తేలింది, ఇప్పుడు ఆగాలి. ఇవి కోటికి పైగా తయారయ్యాయని అంచనా, ఇనుము అరగదు, చేతులు మారుతూ పోతుంది. వియత్నాం యుద్ధంలో ఉత్తర వియత్నాంకి చైనా ఇవి కుప్పలుగా ఇచ్చింది, 1979 ఫిబ్రవరిలో అదే వియత్నాం మీదికి చైనా దండెత్తినప్పుడు రెండు పక్కల సైనికుల చేతుల్లోనూ ఇదే తుపాకీ! ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్లు కొట్టుకుంటే చైనా ఇద్దరికీ అమ్మింది. అఫ్గానిస్తాన్‌లో అయితే డబ్బు అమెరికా సీఐఏది, సరుకు చైనాది, అఫ్గాన్ తిరుగుబాటుదారులకి పంచింది పాకిస్తాన్ ఐఎస్ఐ, ఎదురుగా ఉన్నది సోవియట్ సైన్యం. ఆ ఫోటో చూసి "చైనా పంపింది" అంటే కథలో సగం కూడా చెప్పినట్టు కాదు. శ్రీలంకలో టీ-56 అంటే అక్కడి సైన్యం తుపాకీ. 2004 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ చిట్టగాంగ్‌లో పది లారీల ఆయుధాలు పట్టుబడితే అందులో 56-1, 56-2 ఉన్నాయి, అవి మన అస్సాం వేర్పాటువాద సంస్థ ఉల్ఫాకి చేరాల్సిన సరుకు. 2021 మేలో అరేబియా సముద్రంలో ఒక చిన్న పడవలో అమెరికా నౌకాదళానికి దాదాపు మూడు వేల టైప్ 56లు దొరికాయి, చైనా సైన్యం దీన్ని పక్కనపెట్టి టైప్ 81కి, తర్వాత 1997లో హాంకాంగ్‌లో బయటపెట్టిన క్యూబీజెడ్-95కి మారిపోయి ఎన్నో ఏళ్లయ్యాక కూడా.

టైప్ 81 కూడా దూరం నుంచి ఏకేలాగే కనిపిస్తుంది, దానికి ఫ్రంట్ సైట్ చివర్లో కాకుండా బాగా వెనక్కి జరిగి, ముందు గొట్టం పొడుగ్గా బయటికి ఉంటుంది. బంగ్లాదేశ్ సైన్యం బీడీ-08 దీని పిల్లే.

చెయ్యి తిరగాలంటే మన పేపర్లలోనే మొదలుపెట్టండి, ఎదురుకాల్పుల తర్వాత పోలీసులు వరసగా పరిచి చూపించే తుపాకుల ఫోటోలుంటాయి కదా, మన దేశంలో వాడే ఇన్సాస్, ఎస్ఎల్ఆర్ రైఫిళ్లు పక్కకి తీసేసి ఏకేలు మాత్రం ఒక్కొక్కటీ ఉంగరమా చెవులా అని చూసుకుంటూ పోండి, వారంలో కన్ను పడుతుంది. మీరే ఫోటో పోస్ట్ చేస్తుంటే, ముద్ర కనపడకుండా ఉంగరం మాత్రమే కనపడితే "టైప్ 56 తరహా" అని రాయండి, ముద్ర కూడా చూస్తేనే "టైప్ 56" అని రాయండి, ఎవరు పంపారన్నది వేరే ఆధారం దొరికేదాకా రాయకండి.