మల్టీబాక్సింగ్: ఒకేసారి రెండు మూడు పాత్రలను నడిపే పద్ధతి

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఒకే వ్యక్తి ఏకకాలంలో అనేక పాత్రలను నడపడాన్ని మల్టీబాక్సింగ్ అంటారు. సాధారణంగా ఒక అకౌంటు నుంచి ఒక సమయంలో ఒక పాత్ర మాత్రమే ఆటలోకి ప్రవేశించగలదు కాబట్టి, పాత్రకొక అకౌంటు, అకౌంటుకొక విండో కావలసి ఉంటుంది.

అకౌంటు కొనే ముందే ఆ ఆట నిబంధనలు చదవాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒకటికి మించి అకౌంట్లు వాడడం తప్పు కాదు గానీ, ఒక కీ నొక్కితే దాన్ని అన్ని విండోలకూ చేరవేసే ఇన్‌పుట్ బ్రాడ్‌కాస్టింగ్ సాఫ్ట్‌వేర్‌ను వాడరాదని ఆ ఆటను తయారుచేసే బ్లిజార్డ్ సంస్థ 2020 నవంబరులో ప్రకటించింది. ఈవ్ ఆన్‌లైన్ అనే మరో ఆటలో అలాంటి నిషేధమే 2015 జనవరి 1 నుంచి అమలులో ఉంది. పాత వీడియోల్లో కనిపించే ఉపాయాలను గుడ్డిగా అనుసరిస్తే ఏళ్ల తరబడి పెంచిన పాత్రలు అకౌంటుతో సహా పోయే ప్రమాదం ఉంది. ఒక నొక్కుకు ఒక విండోలో ఒకే పని జరగాలన్న సూత్రాన్ని పాటించడం క్షేమం.

ఆ సూత్రానికి కట్టుబడితే, ఎన్ని విండోలు తెరిచామన్నదాని కంటే మన దృష్టిని దేనికి ఎంత కేటాయించామన్నదే ముఖ్యమవుతుంది. అందువల్ల నిరంతరం కనిపెట్టుకొని ఉండవలసిన పాత్ర జట్టులో ఒక్కటే ఉండాలి. శత్రువుల దాడిని తన మీదికి తీసుకొనే ట్యాంక్‌ను ప్రధాన పాత్రగా పెట్టుకొని, ఒకసారి ప్రయోగిస్తే కొన్ని సెకన్ల పాటు దానంతటదే పనిచేసే వైద్యం గల హీలర్‌నో, పెంపుడు జంతువు చేత పోరాడించే హంటర్‌నో తోడు తీసుకోవడం నా దృష్టిలో మేలైన ఎంపిక. క్షణక్షణం స్థానం మార్చుకోవలసిన పాత్రలు రెండు కలిస్తే ఏదో ఒకటి నిర్లక్ష్యానికి గురై తీరుతుంది. వార్‌క్రాఫ్ట్‌లో ఒక శక్తిని వాడాక మరొకటి వాడే ముందు చాలా సందర్భాల్లో ఆగవలసిన వ్యవధి, అంటే గ్లోబల్ కూల్‌డౌన్, ప్రాథమికంగా 1.5 సెకన్లు, ఆ వ్యవధిలోనే రెండో విండోకు వెళ్లి ఒక కీ నొక్కి తిరిగి రావచ్చు.

ఆ ఒక్క నొక్కు వృథా కాకుండా చూసేది మాక్రో, అంటే ఆటలోని ఆదేశాలను వరుసగా రాసి ఒక కీకి కేటాయించుకొనే చిన్న జాబితా. అనుచర పాత్ర మాక్రోలో మొదటి వరుసలో స్లాష్ గుర్తుతో అసిస్ట్ అని రాసి పక్కన ప్రధాన పాత్ర పేరు, రెండో వరుసలో స్లాష్ గుర్తుతో క్యాస్ట్ అని రాసి పక్కన మంత్రం పేరు ఇస్తే, ప్రధాన పాత్ర ఎవరితో పోరాడుతోందో ఆ శత్రువునే అనుచరుడూ ఎంచుకొని కొడతాడు. మౌసుతో గురి వెతకవలసిన పని ఉండదు. ఒక్కో మాక్రోకు 255 అక్షరాల పరిమితి ఉంటుంది. అన్ని విండోల్లోనూ దాడికి ఒకే కీ, వైద్యానికి ఒకే కీ కేటాయించుకుంటే వేళ్లు తడబడవు.

నడకకు, అనుచరుడిని ప్రధాన పాత్ర వెంట దానంతటదే నడిపించే ఫాలో ఆదేశం ఉంది గానీ, దాన్ని అతిగా నమ్మరాదు. అనుచరుడు మీరు నడిచిన దారిలో కాక మీ వైపు నేరుగా వస్తాడు. ఇరుకైన వంతెన మీద మీరు మలుపు తిరిగారనుకోండి. అతడు ఆ మలుపును అడ్డంగా దాటబోయి అంచు నుంచి కింద పడతాడు. కాబట్టి మలుపు దగ్గర ఆగి, అతడు మీ పక్కకు చేరాకే కదలాలి. ప్రతి పోరు తర్వాత ఫాలో మళ్లీ నొక్కడం అలవాటు చేసుకోవాలి.

తెర మీద ప్రధాన విండోను పెద్దదిగా ఉంచి, మిగిలిన వాటిని ఆరోగ్య పట్టీ స్పష్టంగా కనబడేంత పరిమాణంలో పక్కన పేర్చాలి. వెనుక ఉన్న విండోలకు ఫ్రేమ్ రేటు (సెకనుకు చూపే చిత్రాల సంఖ్య) పరిమితి తగ్గించి, గ్రాఫిక్స్ కనిష్ఠానికి దించి, శబ్దం ఆపేస్తే కంప్యూటరు మీద భారం తగ్గుతుంది.

మొదట రెండు పాత్రలతోనే సాధన చేయండి. కళ్లు ప్రధాన విండో మీదే ఉన్నా అనుచరుడి కీలు చేతికి తడుముకోకుండా అందుతున్నప్పుడు మూడో విండో తెరవవచ్చు.