చేత్తో చిన్న డెక్ – నాలుగో పాఠం: దూలాల మీద వాసాలు బిగించడం

డెక్ అంటే ఆరుబయట కూర్చోవడానికి వేసుకునే కర్ర అరుగు. దాని కోసం కిందటి పాఠంలో మూడు దూలాలనూ గ్రానైట్ దిమ్మెల మీద మట్టం చేసి ఆపాం. ఏ దూలమైనా మిగతావాటి కంటే ఒక సూత్‌కి మించి ఎత్తుగానో పల్లంగానో ఉంటే ముందు దాన్ని సరిచేసి రండి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మన హైదరాబాద్‌లో కర్రపని చేసేవాళ్ల నోట ఎప్పుడూ వినిపించే కొలత ఇది. ఈ పాఠం నిండా దీన్నే వాడతాను.

దూలం, వాసం అనేవి పెంకుటింటి మాటలు. కొత్త పుస్తకాల్లో బేరర్, జాయిస్ట్ అని ఉంటుంది కానీ పని ఒకటే. మీరు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ బరువు పైన పరిచిన పలక నుంచి వాసానికి, వాసం నుంచి దూలానికి, అక్కడి నుంచి దిమ్మెకి దిగుతుంది. ఆ దారిలో స్క్రూ మోసేదేమీ లేదు. వాసం పక్కకి జరగకుండా, మెలి తిరగకుండా, పైకి లేవకుండా పట్టుకోవడం వరకే దాని పని. మొయ్యాల్సింది కర్రే. అందుకే కర్ర మీద కర్ర పూర్తిగా ఆనాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా పెరట్లో వేపచెట్టు కింద వేసిన మొదటి డెక్‌లో ఒక వాసం మధ్య దూలానికి రెండు సూత్‌లు పైన తేలింది. స్క్రూ బలంగా తిప్పితే కిందికి దిగింది, సరిపోయిందనుకున్నాను. పైగా అది జిప్సమ్ బోర్డులకి వాడే నల్ల స్క్రూ. వానాకాలం వెళ్లేసరికి అక్కడ అడుగు వేస్తే చాలు, కిర్రుమనేది. పలక విప్పి చూస్తే స్క్రూ తల ఊడి పక్కన పడి ఉంది, మిగతాది తుప్పుపట్టి దూలంలోనే ఉండిపోయింది. వాసం మళ్లీ రెండు సూత్‌లు పైకి లేచింది. నల్ల స్క్రూ పెళుసుగా ఉంటుంది. గట్టి కర్రలో మెడ దగ్గర తెగుతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే తీసుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి. 5 మి.మీ. లావు, 80 మి.మీ. పొడవు.

ఇక కొలతలు. మన డెక్ పొడవు 10 అడుగులు, వెడల్పు 8. దూలాలు 4×3 అంగుళాలవి, పొడవు వెంట ఉన్నాయి. వాటికి అడ్డంగా 8 అడుగుల వాసాలు తొమ్మిది వేస్తాం. ఫోర్ బై టూ (4×2 అంగుళాల) కర్రని రెండంగుళాల ముఖం దూలం మీద ఆనేలా నిలబెట్టాలి. వాసం ఎడమ అంచు ఎక్కడ రావాలో గుర్తులు పెట్టండి: 0, 14¾, 29½, 44¼, 59, 73¾, 88½, 103¼, 118 అంగుళాలు. ప్రతి గుర్తునీ దూలం మొదటి కొన నుంచే కొలవాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి టేపు జరుపుతూ పోతే ఒక్కోసారి అర సూత్ తప్పినా చివరికి అర అంగుళం తేడా వస్తుంది. ఈ గుర్తులు అంగుళం మందం ఉన్న కర్ర పలకలకే. డబ్ల్యూపీసీ (కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలైతే కంపెనీ చెప్పిన దూరం చూసుకోండి. చాలావాటికి వాసాలు ఇంకా దగ్గరగా కావాలి.

ప్రతి వాసాన్నీ ఒక కొన కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసి పొడవునా చూడండి. దాదాపు ప్రతి కర్రకీ కొద్దిపాటి వంపు ఉంటుంది. ఆ ఉబ్బు పైకి వచ్చేలా వేస్తే బరువుకి కాస్త సర్దుకుంటుంది. కిందికి వేస్తే పల్లం పడి, పడ్డట్టే ఉండిపోతుంది. చేవలేని తెల్ల చెక్క ఎక్కువగా ఉన్న కర్రని వాడనేవద్దు. చెదలు ముందు పట్టేది దాన్నే.

ముందు రెండు అంచు వాసాలు పెట్టి, ఒక్కో దూలం దగ్గర ఒక్కో స్క్రూ మాత్రమే వేయండి. గునియాలో ఉందో లేదో, అంటే మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నాయో లేదో చూడాలంటే మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టండి. రెండూ 12 అడుగుల 9½ అంగుళాల పైచిలుకు, సమానంగా రావాలి. తేడా ఉంటే సుత్తితో మెల్లగా తట్టి సరిచేయండి. తర్వాత ఆ రెండు వాసాల మీదుగా దారం బిగించి లాగి, మిగతా ఏడింటినీ దానికి సరిపెట్టండి.

ఎక్కడైనా వాసం తేలితే స్క్రూతో కిందికి లాగొద్దు. తేలిన చోట పీవీసీ ముక్క దూర్చండి. అట్టముక్క, చిత్రిక పొట్టు లాంటివి పెడితే నలిగిపోతాయి, తడి పట్టుకుంటాయి. ఎత్తుగా ఉన్నచోట వాసం అడుగున ఉలితో కొద్దిగా చెక్కండి.

ఇప్పుడు బిగింపు. నల్లమద్ది లాంటి గట్టి కర్రలో ముందే 3.5 మి.మీ. బిట్‌తో బెజ్జం వేయకపోతే వాసం కొన చీలుతుంది. వాసం పక్కముఖం మీద, దూలానికి అంగుళంపావు పైన మొదలుపెట్టి 45 డిగ్రీల ఏటవాలులో కిందికి వేయండి. అవతలి వైపు నుంచి ఇంకోటి, అంగుళం పక్కకి జరిపి. ఎదురెదురుగా వేస్తే లోపల ఒకదానికొకటి తగులుతాయి. స్క్రూ మరకి ఎండు సబ్బు రాస్తే సాఫీగా దిగుతుంది. మెషీన్ తక్కువ స్పీడులో పెట్టి, తల కర్రకి తాకగానే ఆపేయండి.

అంచు వాసాలకి మాత్రం లోపలి వైపు నుంచి ఏటవాలు స్క్రూ వద్దు. దాని మొన దూలం కొసలోంచి బయటికొస్తుంది, కొస చీలుతుంది. బయటి వైపు స్క్రూ ఒక్కటే ఉంచి, లోపలి వైపు స్టెయిన్‌లెస్ ఎల్ పట్టీ (ఎల్ ఆకారంలో వంచిన రేకు) వేయండి. అంటే మొత్తం 48 స్క్రూలు, 6 ఎల్ పట్టీలు, పట్టీలకి విడిగా పొట్టి స్క్రూలు.

పని ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. మే ఎండలో ఒక ముఖమే కాలితే కర్ర వంగుతుంది. బిగించాక వాసాల నెత్తిన బిటుమెన్ (తారు) టేపు అంటించండి. పలకల స్క్రూ బెజ్జాల్లోకి వాన నీళ్లు దిగేది అక్కడి నుంచే. మృగశిర కార్తెలోపు ఈ ఒక్క పని అయితే చాలు.

వాసాల మధ్య అడ్డం పెట్టే ముక్కలు వచ్చే పాఠంలో. మిగిలిన ఫోర్ బై టూ తునకలు పారేయకండి, వాటితోనే పని.