రోస్టాక్‌లో ఎంఎస్: ముందు ఏపీఎస్ సంగతి చూడండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జర్మనీ అంటే మ్యూనిక్, బెర్లిన్ అని పట్టుకు కూర్చోకండి. బాల్టిక్ తీరంలోని రోస్టాక్ యూనివర్సిటీ 1419లో పుట్టింది. ఐన్‌స్టీన్‌కు 1919లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఈరోజు ఆ ప్రాంతానికి పెద్దాసుపత్రి కూడా దానిదే. సముద్రం మీద, కెటాలిసిస్ (రసాయన చర్యల్ని వేగంగా జరిపించే పద్ధతి) మీద పరిశోధన చేసే లైబ్నిజ్ సంస్థలు (జర్మనీలో ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన కేంద్రాలు) ఊళ్లోనే ఉన్నాయి. థీసిస్ చేసే ఛాన్స్ అక్కడ దొరుకుతుందేమో ముందే ప్రొఫెసర్‌ని అడగండి.

కోర్సు ఏ భాషలో చెబుతారో మొదట చూసుకోండి, అన్నీ ఇంగ్లిష్‌లో ఉండవు. వెంటనే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి (మన చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని జర్మన్ ఎంబసీకి చెందిన విభాగం చూసి ఇచ్చే కాగితం) అప్లై చేయండి. అసలు టెన్షన్ అంతా అక్కడే, వీసా దానిమీదే ఆధారపడుతుంది. మామూలు ఎంఎస్‌కి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ ఫీజు మాత్రం కట్టాలి. ఖర్చులకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంతే అని తీసుకోనిచ్చే ఖాతా) డబ్బు చూపించాలి.

సీటొచ్చిన రోజే హాస్టల్‌కి అప్లై చేయండి. గాలి విపరీతం, గొడుగు దండగ. మంచి జాకెట్ కొనుక్కోండి.