ఆర్టీమియా పెంకులు చేపపిల్లల నోట్లో పడకుండా

జీబ్రాఫిష్ (పరిశోధనల్లో వాడే చిన్న చేప) ల్యాబ్‌లో స్టూడెంట్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. మేత వేయడమే కదా అని ఆర్టీమియాను, అంటే చేపపిల్లలకు మేతగా వేసే బుల్లి ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవుల్ని, హడావుడిగా వడకట్టి ట్యాంకుల్లో పోసేయకండి. ఉప్పునీళ్లలో, 28 డిగ్రీల దగ్గర, గాలి బాగా అందుతుంటే వాటి గుడ్లు సుమారు 24 గంటల్లో పొదుగుతాయి. అసలు జాగ్రత్త ఆ తర్వాతే.

గాలి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అంతకంటే మరీ ఎక్కువసేపు వద్దు, పొదిగిన ఆర్టీమియా పిల్లలకు ఊపిరాడదు. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అట్టడుక్కి దిగుతాయి, నారింజ రంగు పిల్లలు వాటికి కాస్త పైన గుమిగూడతాయి. వెలుతురు వైపు ఈదడం వాటి స్వభావం. అందుకే పైభాగాన్ని నల్లగుడ్డతో కప్పి కింద టార్చి పెడితే పని ఇంకా తేలిక. పొదిగే పాత్ర అడుగున ఉన్న కుళాయి తిప్పి మొదట వచ్చే గుడ్ల నీళ్లు పారబోయండి. తర్వాత పిల్లల్ని సన్నటి జాలీలోకి పట్టి, పెంకులు దిగేలోపే కుళాయి కట్టేయండి. పెంకు అరగదు. లేత చేపపిల్లల పేగుల్లో అడ్డుపడి ప్రాణం మీదికి తెస్తుంది, పాపం.

ఉప్పు పోయేదాకా ట్యాంకు నీళ్లతోనే కడగండి. క్లోరిన్ ఉండే కుళాయి నీళ్లు వద్దు. కడిగిన వెంటనే మేతగా వేసేయండి, గంటలు గడిచేకొద్దీ వాటిలో పోషకాలు తగ్గిపోతాయి.