గీషా కాఫీ: ఖరీదైన గింజను పాడుచేసుకోకుండా పెట్టుకోవడం ఎలా

గీషా అనే కాఫీ రకం గింజలు మొదటిసారి చేతికొచ్చినప్పుడు నేను ఆగలేకపోయాను. రోస్ట్ చేసి నాలుగు రోజులే అయింది, ప్యాకెట్ కత్తిరించేశాను. ఇంత ఖరీదైన గింజ, వేడికి పాడైపోతుందేమో అన్న భయంతో నీళ్లు బాగా చల్లార్చి పోశాను. కప్పులోకి దిగింది పచ్చిగడ్డి వాసన, పలచటి పులుపు. ప్యాకెట్ మీద రాసిన మల్లెపూల జాడే లేదు. వంద గ్రాముల్లో సగం అలా పోయాక గానీ తప్పు ఎక్కడుందో తెలియలేదు. ఈ గింజ ఎక్కడిదో, ఎంత ఎత్తులో పండుతుందో తెలుసుకుంటే కాఫీ ఎలా పెట్టాలో కూడా సగం తెలిసినట్టే. అందుకే ముందు ఆ కథ చెబుతాను.

పేరు వినగానే చాలామంది జపాన్ గీషా నర్తకులను తలుచుకుని ఇది జపాన్‌ది అనుకుంటారు. ఆ దేశానికీ దీనికీ సంబంధం లేదు. నైరుతి ఇథియోపియాలో గెషా అనే ప్రాంతం ఉంది, పేరు అక్కడిదే. 1930ల్లో ఆ చుట్టుపక్కల అడవుల్లో సేకరించిన విత్తనాలు టాంజానియాలోని ల్యాముంగు పరిశోధన కేంద్రానికి చేరాయి. 1953లో అక్కణ్ణుంచి కోస్టారికాకు వెళ్లి, టి2722 అనే నంబరుతో నమోదయ్యాయి. 1960ల్లో పనామా రైతులకు అందాయి. ఇచ్చింది రుచి కోసం కాదు, ఆకుతుప్పు తెగులును తట్టుకుంటుందని. కానీ కొమ్మలు పెళుసు, కాపు తక్కువ. రైతులు పెద్దగా ఇష్టపడలేదు. చెట్లు మాత్రం తోటల్లో మిగతా రకాల మధ్య అక్కడక్కడా ఉండిపోయాయి.

పనామాలో బరూ అగ్నిపర్వతం వాలు మీద బొకెటె అనే ఊరుంది. అక్కడ అసియెండా లా ఎస్మెరాల్డా అనే తోట పీటర్సన్ కుటుంబానిది. వాళ్లు తోటలోని ఒక్కో భాగం కాఫీని విడిగా రుచి చూడటం మొదలుపెట్టాక, ఎత్తు మీదున్న హరమీయో భాగం నుంచి వచ్చిన కప్పు మిగతావాటికి పూర్తిగా వేరుగా ఉందని బయటపడింది. 2004లో బెస్ట్ ఆఫ్ పనామా పోటీలో అదే గెలిచింది. వేలంలో పౌను (సుమారు 450 గ్రాములు) 21 డాలర్లు పలికింది, అప్పటికి అది రికార్డు. 2025 వేలంలో అదే తోట గీషా కిలో 30,204 డాలర్లకు పోయింది. నన్ను పట్టుకున్నది ఈ ధర కాదు. ఆ వాసన అంతకుముందు కూడా ఆ చెట్లలోనే ఉంది, మిగతా గింజలతో కలిసిపోయి ఎవరికీ తెలియలేదంతే.

కాబట్టి ప్యాకెట్ కొనేముందు తోట పేరు, ఎత్తు, ప్రాసెస్ (పండు నుంచి గింజను తీసి ఆరబెట్టిన పద్ధతి) రాసి ఉన్నాయో లేదో చూడండి. పేరు ఒక్కటే చూసి కొనకండి. గీషా పేరుతో అమ్మేవన్నీ ఒకే జన్యువు ఉన్న మొక్కలు కావు. తక్కువ ఎత్తులో పండితే ఈ రకం మామూలు కాఫీలాగే ఉంటుంది, అందుకే 1,600 మీటర్ల లోపుదైతే నేను కొనను. మొదటిసారి తాగేవాళ్లు వాష్డ్, అంటే గుజ్జు తీసి కడిగి ఆరబెట్టిన గింజలు తీసుకోండి. పండుతో పాటే ఎండబెట్టే నేచురల్‌లో పండు తీపి ముందుకొచ్చి పూల వాసనను కొంత కప్పేస్తుంది.

ఎత్తులో రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. కాయ నిదానంగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది. పైగా పూల వాసన పోకూడదని లైట్ రోస్ట్ చేస్తారు. ఇలాంటి గింజ లోపలి రుచి అంత తేలిగ్గా నీళ్లలోకి దిగదు. నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. దీనికి వేడి కావాలి. 93, 94 డిగ్రీల నీళ్లు పోయడానికి భయపడకండి. నాలుగు రోజులకే ప్యాకెట్ కత్తిరించడం నా రెండో తప్పు. రోస్ట్ తేదీ నుంచి రెండు మూడు వారాలు తెరవకుండా ఉంచండి.

వి60 లాంటి గరాటు ఆకారపు డ్రిప్పర్, పేపర్ ఫిల్టర్ చాలు. పేపర్‌ను వేడినీళ్లతో తడిపి, ఆ నీళ్లు పారబోయండి. 15 గ్రాముల గింజలు పంచదార పలుకు కంటే కాస్త ముతకగా పట్టండి. ముందు 45 గ్రాముల నీళ్లు పోసి 45 సెకన్లు ఆగండి. పొడి ఉబ్బి, చిన్న చిన్న బుడగలు పగులుతుంటాయి. అప్పుడు ముఖం దగ్గరపెట్టి వాసన చూడండి. నాకు ముందు మల్లె తెలుస్తుంది, ఆ వెనకే ఎర్ల్ గ్రే టీలో వచ్చే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు వాసన. తర్వాత సన్నటి ధారగా, గుండ్రంగా తిప్పుతూ మొత్తం నీళ్లు 150 గ్రాములు అయ్యేదాకా, అది కాస్త దిగాక 250 దాకా పోయండి. మొత్తం మూడు నిమిషాల్లోపు దిగిపోవాలి.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. లవణాలు ఎక్కువున్న నీళ్లతో ఈ గింజకుండే మంచి పులుపు చచ్చిపోతుంది, కాఫీ సుద్దలా ఉంటుంది. లవణాలు తక్కువున్న తాగునీరు వాడండి, పూర్తిగా డిస్టిల్డ్ మాత్రం వద్దు.

పులుపు గుచ్చినట్టుంటే మరికాస్త మెత్తగా పట్టండి. నాలుక పొడిబారినట్టు, వగరుగా అనిపిస్తే ముతక చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

పాలు, పంచదార వద్దు. పొగలు కక్కుతుండగా తాగేయకండి కూడా. నేను దించాక ఐదు నిమిషాలు ఆగుతాను. వేడి మీద టీ లాగా, పలచగా అనిపిస్తుంది. గోరువెచ్చగా అయ్యేసరికి పీచ్ పండు తీపి, తేనె బయటికొస్తాయి. చల్లారాక మిగిలిన ఆఖరి రెండు గుక్కలే నాకు అన్నిటికన్నా ఇష్టం.

మిగతా గింజలను 15 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో గాలి చొరకుండా మూసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు ఒక్క డబ్బానే తీసి, కరగనివ్వకుండా గింజలను నేరుగా గ్రైండర్‌లో వేసేయండి.