కారు ఏసీ చల్లగా రావడం లేదా? గ్యాస్ నింపే ముందు చూడాల్సినవి, నింపే పద్ధతి

ఏసీ చల్లదనం తగ్గగానే చాలామంది గ్యాస్ అయిపోయిందనే అనుకుంటారు. కానీ ఏసీ గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. తగ్గకుండానే చల్లదనం పోయిందంటే లోపం వేరేచోట ఉంది, అప్పుడు పైన మరికొంత పోస్తే ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. అందుకే ముందు లక్షణం చూడాలి, డబ్బా సంగతి తర్వాత.

బండిని నీడలో ఆపి, ఏసీ పూర్తి చల్లదనంలో, లోపలి గాలే తిరిగేలా రీసర్క్యులేషన్‌లో పెట్టి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడపండి. మధ్య వెంట్‌లో థర్మామీటరు పెట్టండి. బయట 30–35 డిగ్రీలున్నప్పుడు వెంట్‌లో సుమారు 6 నుంచి 12 డిగ్రీలు వస్తే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే.

హైవే మీద చల్లగా, ట్రాఫిక్‌లో వేడిగా వస్తే

ఇది దాదాపు ఎప్పుడూ కండెన్సర్‌కు (బండి ముందు ఉండి, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీకి) గాలి తగలకపోవడమే. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి సరిపోతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఏసీ వేయగానే ముందున్న ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఆ వరుసలో తనిఖీ చేయాలి. తిరుగుతున్నా వేడిగానే ఉంటే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు పేరుకున్నాయేమో చూసి మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి పరిస్థితి ఇంకా చెడుతుంది.

మొదట చల్లగా వచ్చి, అరగంటకు గాలే తగ్గిపోతే

లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి దారి మూసేస్తోంది. ఏసీ ఆపి కాసేపు బ్లోయర్ మాత్రమే నడిపితే గాలి మళ్లీ వస్తుంది, బండి కింద నీళ్లు ఎక్కువగా కారతాయి. ముందు క్యాబిన్ ఫిల్టర్ మార్చండి. అది శుభ్రంగానే ఉంటే కాయిల్ దగ్గరి ఉష్ణోగ్రత సెన్సర్‌ను చూడాలి. గ్యాస్ కొంచెం తక్కువైనా ఇలా మంచు కట్టవచ్చు.

ఒక వెంట్ చల్లగా, ఇంకోటి గోరువెచ్చగా ఉంటే

ఇంజిన్ వైపు నుంచి లోపలికి వెళ్లే రెండు అల్యూమినియం గొట్టాల్లో లావుదాన్ని తాకండి. అది చల్లగా, చెమట పట్టి ఉండి కూడా గాలి వేడిగా వస్తోందంటే గ్యాస్ తప్పు లేదు. వేడిగాలిని, చల్లగాలిని కలిపే ఫ్లాప్ లేదా దాని మోటారు ఇరుక్కుంది. గొట్టం కూడా అంతంతమాత్రంగానే ఉంటే గేజ్ పెట్టి చూడాల్సిందే. గ్యాస్ తగ్గినప్పుడు కాయిల్‌లో సగమే చల్లబడి కొన్ని బండ్లలో ఇదే లక్షణం కనిపిస్తుంది.

కంప్రెసర్ అసలు తిరగకపోతే

కంప్రెసర్ అంటే గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే పంపు. ఇంజిన్ ఆపి, చల్లారాక మానిఫోల్డ్ గేజ్ (రెండు ముళ్లతో గొట్టాల్లోని ప్రెషర్ చూపే మీటరు) తగిలించండి. ఆర్-134ఏ గ్యాస్ ఉన్న బండిలో రెండు ముళ్లూ ఒకే అంకె దగ్గర నిలబడాలి: 25 డిగ్రీల వాతావరణంలో సుమారు 80 పీఎస్ఐ (ప్రెషర్ కొలమానం), 30 డిగ్రీల్లో 97, 35లో 114. ఈ అంకె వచ్చిందంటే లోపల కొంతైనా ద్రవరూపంలో గ్యాస్ ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎంత ఉందో తెలియదు. 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా ముల్లు అక్కడే ఆగుతుంది.

30 పీఎస్ఐ, అంతకన్నా తక్కువ చూపిస్తే ప్రెషర్ స్విచ్ కావాలనే కంప్రెసర్‌ను ఆపుతోంది. ఆ స్విచ్ వైర్లు కలిపేసి బలవంతంగా తిప్పకండి. కంప్రెసర్‌కు నూనె అందేది తిరిగే గ్యాస్‌తోనే, గ్యాస్ లేకుండా తిరిగితే పట్టేస్తుంది. ప్రెషర్ బాగుండి తిరగకపోతే ఏసీ వేసినప్పుడు కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టుకు కలిపే క్లచ్ వైరుకు 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. వస్తుంటే క్లచ్ కాయిల్ కొలవండి, సాధారణంగా 3–5 ఓమ్‌లు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక జారిపోతుంటే క్లచ్ పళ్లాల మధ్య సందు పెరిగింది. చాలా కంప్రెసర్లకు అది 0.3–0.6 మిల్లీమీటర్లలో ఉండాలి, లోపలి షిమ్ (పల్చటి వాషరు) తీసి సరిచేయవచ్చు.

కంప్రెసర్ తిరుగుతున్నా చల్లగా లేకపోతే

ఇక్కడ గేజ్‌ను మించిన సాక్షి లేదు. 30–35 డిగ్రీల వాతావరణంలో, 1500 ఆర్‌పీఎం దగ్గర లో సైడ్ (తక్కువ ప్రెషర్ వైపు, గేజ్ నీలం గొట్టం) 30–45, హై సైడ్ (ఎక్కువ ప్రెషర్ వైపు, ఎర్ర గొట్టం) 180–250 పీఎస్ఐ మధ్య ఉండాలి.

రెండూ తక్కువగా ఉండి, క్లచ్ కొన్ని సెకన్లకోసారి పడుతూ వదులుతూ ఉంటే గ్యాస్ తగ్గింది. రెండూ ఎక్కువైతే గ్యాస్ అతిగా ఉంది, లేదా లోపల గాలి చేరింది, లేదా కండెన్సర్ వేడి వదలడం లేదు. కండెన్సర్ మీద నీళ్లు చల్లినప్పుడు ప్రెషర్ వెంటనే దిగి, వెంట్ చల్లబడితే ఫ్యాన్ వైపు చూడండి. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ అయితే కంప్రెసర్ అరిగింది, కొన్ని రకాల్లో దాని కంట్రోల్ వాల్వ్ పోయి ఉంటుంది. లో సైడ్ సున్నా కిందికి వాక్యూమ్‌లోకి జారితే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. కాసేపు బాగుండి, తర్వాత జారి, ఆపి ఉంచితే మళ్లీ బాగైతే లోపల తేమ చేరి వాల్వ్ దగ్గర గడ్డకడుతోంది. అప్పుడు తేమ పీల్చే డ్రయర్ మార్చి, వాక్యూమ్ తీయడమే మందు.

లీక్ ఎక్కడ?

గ్యాస్ వెంట నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి జిడ్డుగా దుమ్ము పట్టిన చోటు మొదటి అనుమానితుడు. రాళ్లు తగిలే కండెన్సర్ ముందుభాగం, జాయింట్ల ఓ-రింగులు, కంప్రెసర్ షాఫ్ట్ సీలు, గ్యాస్ ఎక్కించే పోర్టుల్లోని వాల్వ్ పిన్నులు చూడండి. పోర్టులో సబ్బునీటి చుక్క వేస్తే బుడగ కనిపిస్తుంది. లోపలి కూలింగ్ కాయిల్ లీకై ఉంటే యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) వేశాక నీళ్లు కారే గొట్టం దగ్గర ఆ లైటులో ఆకుపచ్చగా మెరుస్తుంది.

పూర్తిగా ఖాళీ అయిన సిస్టమ్‌ను పొడి నైట్రోజన్‌తో సుమారు 150 పీఎస్ఐ వరకు నింపి పరీక్షించాలి. ఆక్సిజన్ వాడితే నూనెతో కలిసి పేలుతుంది. మామూలు గాలి వద్దు, తేమ లోపలికి పోతుంది. లీక్ మూసేస్తామని అమ్మే సీలెంట్ డబ్బాల జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాం. అవి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో, గ్యాస్ తీసే మెషీన్‌లో గట్టిపడి వాటినీ పాడుచేస్తాయి.

నింపడం

బానెట్ కింది స్టిక్కర్‌లో గ్యాస్ రకం, బరువు ఉంటాయి. చిన్న బండ్లకు తరచుగా 400–600 గ్రాములు. ఆర్-1234వైఎఫ్ అని ఉంటే ఆర్-134ఏ డబ్బా పనికిరాదు. దాని పోర్టులే వేరు, ఆ గ్యాస్ కొంతవరకు మండుతుంది కూడా. అడాప్టర్ పెట్టి ఒకదాని బదులు ఇంకోటి ఎక్కించకండి.

మిగిలిన గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తో తీయించండి, గాల్లోకి వదలకూడదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఆర్-134ఏ కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,400 రెట్లు. తర్వాత వాక్యూమ్ పంపును 30–45 నిమిషాలు నడపండి. సముద్రమట్టం దగ్గర గేజ్ మైనస్ 29 అంగుళాలు (పాదరసం) చూపాలి, ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక అంగుళం తక్కువ చూపుతుంది. అంత వాక్యూమ్‌లో లోపలి తేమ మామూలు వేడికే మరిగి బయటికి వస్తుంది. పంపు ఆపి 20 నిమిషాలు చూడండి. ముల్లు కదిలితే లీక్ ఇంకా ఉంది.

పార్టు మార్చి ఉంటే, దానిలో పోయిన నూనెను ముందే పోయండి. కండెన్సర్‌కు దాదాపు 30–40 మిల్లీలీటర్లు. స్టిక్కర్ చెప్పిన పీఏజీ (ఏసీ కంప్రెసర్ నూనె రకం) గ్రేడే వాడాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది. వాటికి తయారీదారు చెప్పిన నూనె తప్ప, సాధారణ పీఏజీ ఒక్క చుక్క కూడా పోకూడదు, ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకోండి. ఈ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మాన్ని తక్షణం గడ్డకట్టిస్తుంది. డబ్బాను తూకం మీద పెట్టి, గొట్టంలోని గాలి తీసేసి, ఇంజిన్, ఏసీ నడుస్తుండగా నీలం గొట్టం వైపు నుంచి, డబ్బాను నిలువుగా ఉంచి ఎక్కించండి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోయి దాన్ని విరగ్గొడుతుంది. ఎక్కడం మందగిస్తే డబ్బాను 40 డిగ్రీలకు మించని గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి, మంట చూపించకండి. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర గొట్టం వాల్వ్ ఎప్పుడూ తెరవద్దు, వెనక్కి వచ్చే ప్రెషర్‌కు డబ్బా పగులుతుంది.

ఆపాల్సింది బరువు చూసి, చల్లదనం చూసి కాదు. స్టిక్కర్ బరువు చేరగానే వాల్వ్ మూసి, ఐదు నిమిషాలు నడిపి, రెండు ప్రెషర్లూ పైన చెప్పిన అంకెల మధ్య ఉన్నాయో చూడండి. గొట్టాలు విప్పాక పోర్టుల మూతలు లోపలి రబ్బరు రింగుతో సహా బిగించండి, పిన్ను కొంచెం కారినా ఆపేది అదే. రెండు వారాల తర్వాత యూవీ లైటుతో జాయింట్లన్నీ ఒకసారి చూడండి.